మైక్రోస్టెప్పింగ్: సి.ఎన్.సి. మోటారు వేసే చిన్న అడుగులలో నిజమెంత? భ్రమ ఎంత?

నాగరగెరె, గౌరిబిదనూరు, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలోను, సరిహద్దుకు ఆవల హిందూపురం వైపు గ్రామాలలోను వడ్రంగమే జీవనాధారంగా గల కుటుంబాలు నేటికీ ఉన్నాయి. ఇంటి సింహద్వారం మీద లతలు, హంసలు, గజలక్ష్మి వంటి నగిషీలను ఒకప్పుడు ఉలితో రోజుల తరబడి చెక్కేవారు. ఇప్పుడు ఆ పనిలో అధిక భాగాన్ని పట్టణాలలోని సి.ఎన్.సి. రౌటరు యంత్రాలు చేసిపెడుతున్నాయి. గ్రామంలోని వడ్రంగి చెక్కను పట్టణానికి మోసుకొనిపోయి, కూలి చెల్లించి, నగిషీ వేయించుకొని రావలసి వస్తోంది. ఈ కారణంగా, ఐ.టి.ఐ. లేదా డిప్లొమా చదివిన కొందరు యువకులు విడిభాగాలు తెప్పించుకొని చిన్న సి.ఎన్.సి. యంత్రాన్ని ఇంటి వద్దనే బిగించుకోవాలని ఆలోచిస్తున్నారు.

ఆలోచన మంచిదే. అయితే విడిభాగాల ప్రకటనలు చూసేవారికి ఒక అంకె తప్పక ఎదురవుతుంది. ‘1/32 మైక్రోస్టెప్పింగ్’, ‘1/128 మైక్రోస్టెప్పింగ్’, ‘మిల్లీమీటరులో వెయ్యోవంతు ఖచ్చితత్వం’ అని వాటిలో వ్రాసి ఉంటుంది. అంకె ఎంత పెద్దదైతే యంత్రం అంత నిక్కచ్చిగా చెక్కుతుందని నమ్మి అదనపు సొమ్ము చెల్లించేవారు ఉన్నారు. అప్పు చేసి కొన్న యంత్రం ఆరు గంటలు చెక్కిన టేకు పలకను చివరి గంటలో పాడు చేస్తే, ఆ నష్టాన్ని భరించవలసింది ఆ కుటుంబమే. కనుక ఈ మైక్రోస్టెప్పింగ్ అంటే ఏమిటి, అది ఏమి చేయగలదు, ఏమి చేయలేదు అనే విషయాలను కొనడానికి ముందే తెలుసుకోవడం ఎంతైనా అవసరం.

మన ప్రాంతానికి కొత్త కాని విద్య

అంకెలతో యంత్రాన్ని నడిపే పద్ధతిని అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1952లో తొలిసారి బహిరంగంగా ప్రదర్శించారు. చిల్లులు పొడిచిన కాగితపు టేపు మీది ఆజ్ఞలను అనుసరించి ఆ మిల్లింగ్ యంత్రం లోహాన్ని కోసింది. ఆ మరుసటి సంవత్సరమే, అనగా 1953లో, బెంగళూరులో హిందూస్థాన్ మెషిన్ టూల్స్ సంస్థ ప్రారంభమైంది. యంత్ర పరికరాల పరిశోధన కోసం 1962లో అదే నగరంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి ఏర్పడింది. పీణ్య పారిశ్రామిక వాడలోని చిన్న కర్మాగారాలలో లేతు, మిల్లింగ్ పనులు నేర్చుకొన్నవారు మన పల్లెలలో అనేకులు ఉన్నారు. తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టి దేశం గర్వించదగిన ఇంజనీరుగా పేరు పొందిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య జన్మస్థలమైన ముద్దేనహళ్లి ఈ జిల్లాలోనిదే.

పెద్ద కర్మాగారాల సి.ఎన్.సి. యంత్రాలలో సాధారణంగా సర్వో మోటార్లు ఉంటాయి. అవి తాము ఎక్కడున్నామో ఎప్పటికప్పుడు కొలుచుకొంటూ నడుస్తాయి. ఇంటి వద్ద బిగించుకొనే చిన్న యంత్రాలలో ఉండేవి స్టెప్పర్ మోటార్లు. వీటి ధర తక్కువ, నడిపే విధానం సులభం. అయితే ఆజ్ఞ అందిన తరువాత తాము నిజంగా కదిలామా లేదా అని ఇవి చూసుకోవు. ఈ ఒక్క భేదాన్ని మనసులో ఉంచుకొంటే మిగిలిన విషయం సులభంగా బోధపడుతుంది.

స్టెప్పర్ మోటారు లోపల ఏముంది?

సాధారణ మోటారుకు కరెంటు ఇస్తే అది ఆగకుండా తిరుగుతుంది. స్టెప్పర్ మోటారు అలా కాదు. ఒక్కొక్క ఆజ్ఞకు ఒక్కొక్క అడుగు చొప్పున తిరిగి, అక్కడే బిగుసుకొని నిలుస్తుంది. చిన్న సి.ఎన్.సి. యంత్రాలలో ఎక్కువగా వాడే మోటారు లోపల తిరిగే భాగానికి, అనగా రోటరుకు, 50 పళ్లు ఉంటాయి. దాని చుట్టూ కదలకుండా ఉండే భాగంలో రెండు జట్ల తీగచుట్టలు ఉంటాయి. వాటిని మొదటి కాయిల్, రెండవ కాయిల్ అని పిలుచుకొందాం.

ఈ రెండు కాయిల్స్‌లో కరెంటు దిశను వరుస క్రమంలో మార్చుతూ పోతే, నాలుగు మార్పులకు రోటరు ఒక పన్ను దూరం జరుగుతుంది. 50 పళ్లకు నాలుగు చొప్పున ఒక పూర్తి చుట్టుకు 200 అడుగులు. వృత్తంలోని 360 డిగ్రీలను 200తో భాగిస్తే ఒక్కొక్క అడుగు 1.8 డిగ్రీలు. మోటారు మీద 1.8 అని వ్రాసి ఉండేది ఇదే.

ఈ మోటారును 5 మిల్లీమీటర్ల బాల్‌స్క్రూకు బిగిస్తే, ఒక చుట్టుకు బల్ల 5 మి.మీ. జరుగుతుంది. అనగా ఒక పూర్తి అడుగుకు 0.025 మి.మీ. చవకైన యంత్రాలలో కనిపించే 8 మి.మీ. లీడ్‌స్క్రూ అయితే ఒక అడుగుకు 0.04 మి.మీ. 2 మి.మీ. అంతరం గల పళ్ల బెల్టును 20 పళ్ల పుల్లీతో నడిపితే చుట్టుకు 40 మి.మీ. కనుక ఒక అడుగుకు 0.2 మి.మీ. చెక్క మీద లత చెక్కడానికి మొదటి రెండు కొలతలూ పూర్తి అడుగులలోనే సరిపోతాయన్నది ఇక్కడ గమనార్హం. ఎండకు, తేమకు వెడల్పాటి చెక్క పలక కుంచించుకొని ఉబ్బే కొలత వీటికంటె ఎన్నో రెట్లు పెద్దది.

ఒక అడుగును ముక్కలు చేయడం ఎలా?

రథోత్సవంలో రథాన్ని వీధి మలుపు వద్ద తిప్పే సందర్భాన్ని ఊహించుకోండి. ఒక మోకును తూర్పు వైపు ఒక జట్టు, మరొక మోకును ఉత్తరం వైపు ఇంకొక జట్టు పట్టుకొన్నాయి. తూర్పు జట్టు ఒక్కటే లాగితే రథం ముఖం తూర్పుకు ఉంటుంది. ఉత్తరం జట్టు ఒక్కటే లాగితే ఉత్తరానికి తిరుగుతుంది. రెండు జట్లూ సమానంగా లాగితే ఈశాన్యానికి చూస్తుంది. తూర్పు జట్టు కొంచెం కొంచెంగా పట్టు సడలిస్తూ, ఉత్తరం జట్టు అదే క్రమంలో పట్టు పెంచుతూ పోతే రథం కుదుపు లేకుండా మెల్లగా మలుపు తిరుగుతుంది.

మోటారులోని రెండు కాయిల్స్ ఈ రెండు జట్ల వంటివే. ఒక కాయిల్‌కు పూర్తి కరెంటు ఇచ్చి, తరువాత రెండవ దానికి పూర్తిగా మార్చితే రోటరు ఒక పూర్తి అడుగు ఎగిరి పడుతుంది. మధ్యలో రెండింటికీ సమానంగా, ఒక్కొక్క దానికి 71 శాతం చొప్పున ఇస్తే సగం అడుగు వద్ద నిలుస్తుంది. మొదటి దానికి 92 శాతం, రెండవ దానికి 38 శాతం ఇస్తే పావు అడుగు వద్ద నిలుస్తుంది. ఇలా రెండు కరెంట్లను లెక్క ప్రకారం హెచ్చించి తగ్గించి, ఒక అడుగును 8, 16, 32 ముక్కలుగా విభజించడమే మైక్రోస్టెప్పింగ్. కరెంట్లు ఈ విధంగా మారడాన్ని కాగితం మీద గీస్తే అల వంటి రెండు వక్రరేఖలు వస్తాయి. పాఠశాల గణితంలో చదివే సైను, కొసైను రేఖలు అవే. ఈ పని అంతా చేసేది డ్రైవరు అనే చిన్న ఎలక్ట్రానిక్ పలక.

అసలైన లాభం: నునుపైన నడక

పూర్తి అడుగులతో నడిచే మోటారు ప్రతి అడుగు వద్ద గమ్యాన్ని కొంచెం దాటి, వెనక్కు వచ్చి, అటూ ఇటూ ఊగి ఆగుతుంది. అడుగులు పడే వేగం ఈ ఊగుడు వేగంతో కలిసినప్పుడు మోటారు గట్టిగా వణుకుతుంది. ఊయలను సరియైన సమయంలో తోస్తే ఊపు పెరిగినట్లే ఇక్కడా వణుకు పెరుగుతుంది. దీనినే అనునాదం అంటారు. ఈ స్థితిలో మోటారు అడుగులు తప్పవచ్చు, చెక్కిన ఉపరితలం మీద అలల వంటి గీతలు పడవచ్చు, యంత్రం చేసే రొదకు ఇరుగుపొరుగు నిద్ర చెడవచ్చు.

అడుగును ఎనిమిది లేదా పదహారు ముక్కలు చేస్తే ఒక్కొక్క కదలిక చిన్నదై ఊగుడు బాగా తగ్గుతుంది. తక్కువ వేగంలో యంత్రం నిశ్శబ్దంగా, నునుపుగా నడుస్తుంది. మైక్రోస్టెప్పింగ్ వల్ల కలిగే ప్రధాన ప్రయోజనం ఇదే. వేగం బాగా పెరిగిన తరువాత రోటరు తన సొంత జడత్వం వల్లనే నునుపుగా తిరుగుతుంది కాబట్టి అక్కడ దీని అవసరం తక్కువ.

భ్రమ ఎక్కడ మొదలవుతుంది?

పట్టుగూళ్ల మార్కెట్టులో తూకం చూసిన రైతులకు ఈ విషయం వెంటనే అర్థమవుతుంది. ఇరుసు తుప్పు పట్టిన పాత తక్కెడలో ఒక గూడు అదనంగా వేస్తే ముల్లు కదలదు. రెండు వేసినా కదలదు. పది వేసిన తరువాత ఒక్కసారిగా కదులుతుంది. ఆ తక్కెడ ముల్లు వెనుక ఎన్ని సన్నని గీతలు గీసినా తూకం సూక్ష్మం కాదు.

మోటారులోను జరిగేది ఇదే. డ్రైవరు ఒక మైక్రో అడుగు ముందుకు వేసినప్పుడు, ఇంకా కదలని ఇరుసును ఆ ఒక్క అడుగు ఎంత బలంతో నెడుతుంది? సగం అడుగు అయితే మోటారు నిలుపు బలంలో 71 శాతం. పావు అడుగుకు 38 శాతం. 1/8కి సుమారు 20 శాతం. 1/16కి 10 శాతం. 1/32కి 5 శాతం. 1/64కి 2.5 శాతం. 1/128కి 1.2 శాతం. 1/256కి కేవలం 0.6 శాతం.

స్క్రూ, బేరింగులు, బల్ల జారే పట్టాలు వీటన్నింటి రాపిడి మోటారు బలంలో పది శాతం ఉన్నదనుకొందాం. అప్పుడు 1/16 అడుగు ఒక్కటి వేస్తే బల్ల కదలకపోవచ్చు. రెండవ అడుగుతో కదులుతుంది. అదే 1/128 అయితే ఎనిమిది తొమ్మిది ఆజ్ఞలు అందే వరకు బల్ల ఉన్నచోటనే ఉండి, ఆ తరువాత జరుగుతుంది. తెర మీద అంకె మారుతుంది, కత్తి మాత్రం మారదు.

ఇక్కడ ఒక అపోహను కూడా తొలగించుకోవాలి. మైక్రోస్టెప్పింగ్ పెట్టుకొంటే మోటారు బలమే పదోవంతుకు పడిపోతుందని కొందరు భయపడతారు. అది నిజం కాదు. పైన చెప్పినవి ఒక్క చిన్న అడుగు కలిగించే బలాలు. ఇరుసు వెనుకబడుతున్న కొద్దీ నెట్టే బలం పెరుగుతూ పోయి, ఒక పూర్తి అడుగు వెనుకబడే సమయానికి మోటారు తన మొత్తం బలాన్ని ప్రయోగిస్తుంది. తగ్గేది మోటారు బలం కాదు. ఒక చిన్న అడుగు మీద మనం ఉంచదగిన నమ్మకం మాత్రమే.

మరొక సంగతి. మోటారు తయారీదారులే ఒక అడుగులో ఐదు శాతం వరకు హెచ్చుతగ్గు ఉండవచ్చునని సాధారణంగా ప్రకటిస్తారు. ఈ హెచ్చుతగ్గు అడుగడుగునా కూడుకొంటూ పెరగదు; అది ఒక ఊరట. అయితే ఒక అడుగులో ఐదు శాతం అంటే ఇరవయ్యోవంతు. అంతకంటె సన్నని ముక్కలు సమానంగా ఉంటాయని ఆశించడానికి ఆధారం లేదు. డ్రైవరు ఇచ్చే కరెంట్లు కూడా లెక్కకు అచ్చంగా సరిపోవు కాబట్టి ఒక ముక్క పెద్దది, ఒక ముక్క చిన్నది కావడం సహజం.

కత్తి చెక్కకు తగిలినప్పుడు

కరెంటు ఇచ్చిన రోటరు ఇనుప మేకులా ఒకచోట బిగుసుకొని ఉండదు. సాగే తాడుతో కట్టినట్లు ఉంటుంది. బయటి నుండి బలం పడితే కొంత జరిగి, ఆ తరువాత నిలదొక్కుకొంటుంది. కత్తి చెక్కను కోసేటప్పుడు మోటారు బలంలో సగం ఖర్చవుతున్నదనుకొంటే, రోటరు తన స్థానం నుండి పూర్తి అడుగులో మూడోవంతు వెనుకబడి ఉంటుంది. 5 మి.మీ. స్క్రూ మీద అది 0.008 మి.మీ., 8 మి.మీ. స్క్రూ మీద 0.013 మి.మీ. మైక్రోస్టెప్పింగ్‌ను 16 నుండి 256కు మార్చినా ఈ వెనుకబాటు రవ్వంత కూడా తగ్గదు. తగ్గాలంటే బలమైన మోటారు కావాలి, లేదా తక్కువ లోతుతో కోయాలి.

వెనుకబాటు రెండు పూర్తి అడుగులను మించితే రోటరు పట్టు తప్పి పక్క పన్ను వద్దకు జారుతుంది. అప్పుడు పోయేది ఒక మైక్రో అడుగు కాదు, నాలుగు పూర్తి అడుగులు. 5 మి.మీ. స్క్రూ మీద 0.1 మి.మీ., 8 మి.మీ. స్క్రూ మీద 0.16 మి.మీ. ఇలా పది పన్నెండు సార్లు జారితే నగిషీ మొత్తం ఒక పక్కకు జరిగిపోతుంది. కంప్యూటరుకు ఆ సంగతి తెలియదు కనుక అది తన పని తాను చేసుకుపోతుంది.

వేగానికి చెల్లించే మూల్యం

అడుగును ఎన్ని ముక్కలు చేస్తే అన్ని ఆజ్ఞలు పంపవలసి ఉంటుంది. 2005లో ఇటలీలో మొదలైన ఆర్డుయినో పలక మీద, 2009లో నార్వేలో రూపొందిన జి.ఆర్.బి.ఎల్. అనే ఉచిత ప్రోగ్రాము వేసి నడపడం చిన్న యంత్రాలలో సాధారణం. ఆర్డుయినో యూనో పలక సెకనుకు సుమారు 30,000 ఆజ్ఞలకు మించి పంపలేదు.

5 మి.మీ. స్క్రూతో లెక్క చూద్దాం. 1/8 అయితే చుట్టుకు 1,600 ఆజ్ఞలు, మిల్లీమీటరుకు 320. గరిష్ఠ వేగం నిమిషానికి సుమారు 5,600 మి.మీ. 1/16 అయితే మిల్లీమీటరుకు 640. వేగం సుమారు 2,800 మి.మీ. 1/32 అయితే మిల్లీమీటరుకు 1,280. వేగం సుమారు 1,400 మి.మీ. మాత్రమే. కూలికి నగిషీలు చెక్కేవారికి వేగమే ఆదాయం. లాభం లేని సూక్ష్మత కోసం వేగాన్ని సగానికి సగం వదులుకోవడం వివేకం కాదు.

డ్రైవర్లలో భేదాలు

చిన్న యంత్రాలలో విరివిగా కనిపించే ఎ4988 డ్రైవరు 1/16 వరకు విభజిస్తుంది. 35 వోల్టుల లోపు వాడాలి. డి.ఆర్.వి.8825 డ్రైవరు 1/32 వరకు విభజిస్తుంది. 45 వోల్టుల వరకు తట్టుకొంటుంది. చిన్న పలకల రూపంలో వచ్చే ఈ రెండూ చల్లబరిచే ఏర్పాటు లేకుండా ఒకటి, ఒకటిన్నర ఆంపియర్లకు మించి భరించలేవు. 42 మి.మీ. ముఖం గల నెమా 17 మోటార్లకు ఇవి సరిపోతాయి. తలుపులు చెక్కే యంత్రానికి కావలసిన 57 మి.మీ. ముఖం గల నెమా 23 మోటారు మూడు ఆంపియర్ల వరకు తీసుకొంటుంది కనుక, దానికి డి.ఎం.542 వంటి పెట్టె రూపంలోని డ్రైవరు అవసరం. అది 50 వోల్టుల వరకు, గరిష్ఠంగా 4.2 ఆంపియర్ల వరకు పనిచేస్తుంది.

టి.ఎం.సి.2208, 2209 రకాల డ్రైవర్లు వేరొక ఉపాయం అవలంబిస్తాయి. కంట్రోలరు 1/16 ఆజ్ఞలు పంపితే, డ్రైవరే లోపల ఒక్కొక్క దానిని మరింత విభజించి అడుగుకు 256 ముక్కలుగా కరెంటును మార్చుతుంది. ఆజ్ఞల భారం పెరగదు, నడక మాత్రం నునుపుగా ఉంటుంది. ఇక్కడ కూడా 256 అనే అంకె నిశ్శబ్దానికి సంబంధించినదే గాని ఖచ్చితత్వానికి సంబంధించినది కాదు.

వోల్టేజి విషయంలో ఒక సందేహం రావడం సహజం. మోటారు మీద 3 వోల్టులు అని ఉంటే 36 వోల్టులు ఎలా ఇస్తారు? ఈ డ్రైవర్లు కరెంటును ఎప్పటికప్పుడు తుంచుతూ మనం నిర్ణయించిన ఆంపియర్లకు మించనివ్వవు. కాయిల్‌లోకి కరెంటు త్వరగా చొరబడాలంటే ఎక్కువ వోల్టేజి కావాలి. లేకపోతే వేగం పెరిగినప్పుడు కరెంటు నిండేలోపే దిశ మారిపోయి మోటారు బలం పడిపోతుంది. కనుక డ్రైవరు హద్దు లోపల ఉంటూ, 24 లేదా 36 వోల్టుల సరఫరా ఎంచుకోవడం మేలు. ఆంపియర్లను మాత్రం మోటారు మీద వ్రాసిన దానికి మించనీయరాదు. సరఫరా ఉండగా మోటారు తీగలను ఊడదీస్తే డ్రైవరు కాలిపోయే ప్రమాదం ఉన్నది. ఇంటిలోని పిల్లలకు కూడా ఈ సంగతి చెప్పి ఉంచాలి.

ఎంత పెట్టుకోవాలి?

5 లేదా 8 మి.మీ. స్క్రూ గల చెక్క నగిషీ యంత్రానికి 1/8 లేదా 1/16 సరిపోతుంది. బెల్టుతో నడిచే తేలికపాటి యంత్రానికి 1/16 మంచిది. అంతకుమించి పెంచడానికి కంట్రోలరు వేగం, యంత్రం నునుపు రెండూ అనుమతించాలి.

డ్రైవరు మార్చినప్పుడు జరిగే ఒక పొరపాటును ముందే తెలుసుకొంటే మంచిది. ఆర్డుయినో మీద అమర్చే పలకలో డ్రైవరు కింద మూడు జంపర్లు ఉంటాయి. మూడూ పెట్టి ఉంటే ఎ4988 డ్రైవరు 1/16గా పనిచేస్తుంది. అదే స్థానంలో డి.ఆర్.వి.8825 పెడితే, అవే జంపర్లతో 1/32 అవుతుంది. ప్రోగ్రాములోని ‘మిల్లీమీటరుకు ఎన్ని ఆజ్ఞలు’ అనే అంకెను మార్చకపోతే, 100 మి.మీ. జరగవలసిన బల్ల 50 మి.మీ. మాత్రమే జరుగుతుంది.

కరెంటు కోతలు మనకు కొత్త కాదు. పని మధ్యలో సరఫరా ఆగితే రోటరు మైక్రో అడుగు వద్ద నిలవదు. దగ్గరలోని సహజ స్థానానికి జారుతుంది. సరఫరా తిరిగి వచ్చినప్పుడు డ్రైవరు తన ప్రారంభ స్థితి నుండి మొదలుపెట్టి రోటరును మళ్లీ లాగుతుంది. కాబట్టి కోత తరువాత ఉన్నచోటి నుండి కొనసాగించక, యంత్రాన్ని హోమ్ స్థానానికి పంపి, చెక్క మీది ప్రారంభ బిందువును సరిచూసుకొన్న పిమ్మటనే పని ప్రారంభించాలి. జి.ఆర్.బి.ఎల్.లో మోటార్లు ఆగిన వెంటనే కరెంటు తీసివేసే ఏర్పాటు ఒకటి ఉంటుంది. ఆ అంకెను 255కు మార్చితే మోటార్లు ఎల్లప్పుడూ బిగుసుకొని ఉంటాయి. పని మధ్యలో స్థానం జారదు.

తప్పు ఎక్కడ ఉన్నదో కనిపెట్టడం

చెక్కిన కొలత సరిపోనప్పుడు చాలామంది మొదట మైక్రోస్టెప్పింగ్‌ను మార్చి చూస్తారు. దానికంటె తప్పు స్వభావాన్ని గమనించడం ఉత్తమం.

కొలత సరిగ్గా సగమో, రెట్టింపో వస్తే జంపర్లకు, ప్రోగ్రాము అంకెకు పొత్తు కుదరలేదని అర్థం.

300 మి.మీ.కు ఒక మిల్లీమీటరు వంతున, దూరంతో పాటు తేడా పెరుగుతూ ఉంటే స్క్రూ అంతరంలో తేడా గాని, ప్రోగ్రాము అంకెలో తేడా గాని ఉన్నది. పొడవైన దూరం కొలిచి ఆ అంకెను సవరించుకోవచ్చు.

ఒకే దిశలో సరిగా ఉండి, వెనక్కు తిరిగినప్పుడు మాత్రమే తేడా వస్తే అది స్క్రూకు, నట్టుకు మధ్య ఉన్న వదులు. దీనిని బ్యాక్‌లాష్ అంటారు. దీనికి బిగువు నట్టు వేయాలి. గుండ్రని ఆకారాలు కోడిగుడ్డు ఆకారంలోనో, అంచుల వద్ద చదునుగానో రావడానికి తరచుగా కారణం ఇదే.

పని మధ్యలో హఠాత్తుగా పక్కకు జరిగి, అక్కడి నుండి నగిషీ అంతా అదే తేడాతో వస్తే మోటారు జారింది. జరిగిన దూరం 5 మి.మీ. స్క్రూ మీద 0.1 మి.మీ.కు గుణిజంగా ఉంటే అనుమానం మరింత బలపడుతుంది. వేగం, లోతు తగ్గించాలి. డ్రైవరు వేడెక్కుతున్నదేమో చూడాలి. దూరం ఏ లెక్కకూ అందకపోతే మోటారును స్క్రూకు కలిపే కప్లింగు మరలు వదులయ్యాయేమో బిగించి చూడాలి.

మెల్లగా కోసిన వంపుల మీద సన్నని అలలు కనిపిస్తే, అప్పుడు మాత్రమే మైక్రోస్టెప్పింగ్ వైపు చూడాలి. 1/2లో ఉన్న దానిని 1/8కు, 1/16కు పెంచితే గుణం కనిపిస్తుంది.

సొమ్ము చెల్లించే ముందు

యంత్రం గాని, విడిభాగాలు గాని అమ్మేవారు ‘1/128’ అని చెప్పినప్పుడు ఈ ప్రశ్నలు అడగండి. స్క్రూ ఏ రకం, దాని అంతరం ఎంత? నట్టులో వదులు ఎంత? మోటారు నిలుపు బలం ఎంత, డ్రైవరు ఎన్ని ఆంపియర్లు ఇస్తుంది? సరఫరా ఎన్ని వోల్టులు? బల్ల జారే పట్టాలు బరువుకు వంగుతాయా? యంత్రం పనితనాన్ని నిర్ణయించేవి ఈ సంగతులే. మైక్రోస్టెప్పింగ్ వీటి తరువాతిది.

మాటలకంటె పరీక్ష మేలు. ఒక డయల్ గేజీని బల్లకు ఆనించి ముల్లును సున్న వద్ద ఉంచమనండి. బల్లను 300 మి.మీ. ముందుకు, వెనక్కు పని వేగంతో ఇరవైసార్లు నడిపించి, తిరిగి అదే స్థానానికి రప్పించమనండి. ముల్లు సున్న వద్దకే వస్తే మోటారు అడుగు తప్పడం లేదని తెలుస్తుంది. తరువాత బల్లను గేజీ వైపు 0.01 మి.మీ. చొప్పున పదిసార్లు జరిపించి, ప్రతిసారీ ముల్లు కదులుతున్నదో లేదో చూడండి. నాలుగైదు ఆజ్ఞల వరకు కదలక, ఆపై ఒక్కసారిగా గెంతితే ఆ యంత్రంలో ప్రకటనలోని సూక్ష్మత లేదని తేలినట్లే. చివరగా బల్లను వెనక్కు తిప్పించి, ముల్లు కదలడానికి ముందు ఎంత దూరం ఆజ్ఞ ఇవ్వవలసి వచ్చిందో వ్రాసుకోండి; నట్టులోని వదులు అంతే. ఈ మూడు పరీక్షలకు అరగంట చాలు. అమ్మకందారు అందుకు ఒప్పుకోకపోతే, అప్పు పత్రం మీద సంతకం చేయకుండా ఇంటికి తిరిగి రావడమే మంచిది.